సుహైల్ పొడిచాకే విత్తనం

మా రోజుల్లో కువైట్‌లో తోటకని వేరే టైం కేటాయించుకున్న మనిషిని నేను చూడలేదు. ఇప్పుడు ఏ పిల్లోణ్ని కదిలించినా ఒకటే మాట: "అన్నా, డ్యూటీ, ఇల్లు, పిల్లలు, రాసుకోవడం, మళ్లీ మొక్కలు. అన్నీ ఎట్లా కుదురుతాయి?" మార్చిలో కుండీలు కొని, మే నెలలో టమాటా పూత రాలిపోతోందని బాధపడితే ఎట్లా కుదురుతాయి నాయనా? రాత్రిపూట కూడా వేడి దిగని చోట ఆ పూత నిలవదు. తీరిక లేకపోవడం కాదు అది, కాలం చూసుకోకపోవడం.

ఎనభైల్లో మేం ఫహాహీల్‌లో ఒక పాత అరబ్బీ ఇంట్లో ఉండేవాళ్లం. నడుమ పెద్ద హౌష్, అంటే పైకప్పు లేని ముంగిలి, చుట్టూ గదులు. రాజంపేట, రాయచోటి వైపు కుటుంబాలు రెండు మూడు కలిసి ఉండేవి. నేలంతా ఇసుక. వఫ్రా తోటల దిక్కు నుంచి గొర్రెల ఎరువు తెప్పించి కలిపేవాళ్లం. మొక్కలకు వాడే ఉప్పునీళ్ల కుళాయి వేరు, మంచినీళ్ల కుళాయి వేరు. ఉప్పునీళ్లే పోస్తూ పోతే మట్టి పైన తెల్లగా పేరుకుంటుంది. నడుమ నడుమ మంచినీళ్లు నిండుగా పోసి ఆ ఉప్పును కిందికి దించాలి. ఆ నీళ్లనూ జాగ్రత్తగానే వాడేవాళ్లం, బియ్యం కడిగిన నీళ్లు గోంగూరకే పోయేవి. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు ఈ దేశానికి 1950ల మొదట్లో వచ్చాయి. అంతకుముందు షత్తల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకుని తాగారు. మా ఇంటి యజమాని ఆ పడవల నీళ్లు తాగి పెరిగిన ముసలాయన, కుళాయి కారుతుంటే చూసి ఊరుకునేవాడు కాదు.

మాకు కాలం నేర్పింది ఆయనే. ఆగస్టు ఆఖర్లోనో సెప్టెంబరు మొదట్లోనో తెల్లవారుజామున సుహైల్ నక్షత్రం కనబడితే ఎండ వెనక్కి తగ్గుతున్నట్టు. అక్టోబరు నడుమ వస్మ్ అనే వానల కాలం వస్తుంది, ఆ వానలకు విత్తనం పడాలి. మెంతి, కొత్తిమీర, పాలకూర ముందు. టమాటా, వంకాయ నారు తర్వాత. ఉగాది నాటికి కాపు బాగా వచ్చేది. ఏప్రిల్ దాటితే బెండ, గోంగూర, తోటకూర మిగిలేవి, అవీ నీడపట్టున. ఆ పైన తలుపు మూసుకోవడమే. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు కాసిన దేశమిది. ఆ ఎండల్లో తోటేమిటి?

ఆ మూసుకున్న నెలలే మాకు కలం పట్టే నెలలు. ఉగాదికి వేసే నాటికలు నేను జూన్, జులైల్లో ఏసీ కింద కూర్చుని రాసేవాణ్ని. చలికాలం వచ్చేసరికి రాత పూర్తయ్యేది, రిహార్సల్సు హౌష్‌లోనే. పిల్లలు పైపు పట్టుకుని మళ్లకు నీళ్లు పెడుతూ ఎవరి డైలాగు వాళ్లు అప్పజెప్పేవాళ్లు. మా ఇంటామె మెంతికూర కోస్తూ కోలాటం పాట కట్టేది. బాణీ మరిచిపోతుందేమోనని టేపులో ఎక్కించేవాళ్లం. ఊరికి మాటలు రికార్డు చేసి పంపే క్యాసెట్లోనే ఆ పాటా వెళ్లేది, అక్కడ మా అత్త విని సరిదిద్ది పంపేది. ఇందులో ఎక్కడ తోట, ఎక్కడ సంసారం, ఎక్కడ రాత? విడదీయమంటే నాకు చేతకాదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. అమ్మాన్ దారిన విమానాల్లో ఇంటికి చేరిన లక్ష మందికి పైగా భారతీయుల్లో మేమూ ఉన్నాం. మరుసటి ఏడు తిరిగొచ్చేసరికి చమురు బావులు ఇంకా మండుతున్నాయి, ఆఖరిది ఆరింది నవంబరు 6న. హౌష్‌లో నల్లబడిన పై ఇసుకంతా గీకి పారబోశాం. ఆ చలికాలం కొత్తిమీర ఎన్నిసార్లు కడిగినా మా ఇంటామెకు మనసొప్పేది కాదు. అయినా విత్తాం.

మాకు అప్పట్లో శుక్రవారం ఒక్కటే సెలవు. 2007 నుంచి శుక్ర, శనివారాలు సెలవులయ్యాయి. ఆ ఏడే అల్ రాయ్‌లో అవెన్యూస్ మాల్ తెరిచారు. మొక్కలమ్మే నర్సరీలూ, జుమ్మా బజారూ అదే అల్ రాయ్‌లో ఉన్నాయి. మావాళ్ల కార్లు మాత్రం మాల్ దగ్గరే ఆగుతాయి. నాకు తెలిసిన ఒక అబ్బాయి మంచి కథలు రాసేవాడు. ఇప్పుడు పిల్లలు చదువుకునే బల్ల తీసేసి, అక్కడ ఊదారంగు లైట్ల కింద పన్నెండు నెలలూ ఆకులు పెంచుతున్నాడు. ప్రతి ఆకుకీ ఒక వీడియో. కథ రాసి ఎన్నాళ్లయిందో అడిగితే టైం లేదన్నాడు. బల్ల పోయిన పిల్లలు సోఫాలో ఫోన్లు చూస్తున్నారు. నాకు కడుపు మండింది.

కుటుంబం పక్కనుండటం ఇక్కడ చిన్న సంగతి కాదు. ఫ్యామిలీ వీసాకు జీతం 250 దినార్లుంటే చాలన్న రోజులుండేవి. 2016లో 450, 2019లో 500, 2024లో 800 చేశారు. మా కడప వైపు ఆడబిడ్డలు ఎందరో ఇంటిపనికిచ్చే ఖాదిమ్ వీసా మీద వచ్చి, కఫీల్ అనే యజమాని ఇంటి తోటకు నీళ్లు పెడుతూ సొంత పిల్లల్ని ఫోన్లో చూసుకుంటున్నారు. భార్యాబిడ్డలు పక్కనే ఉన్నవాడు అన్నీ ఎట్లా కుదురుతాయని నన్నడిగితే ఆ తల్లులే గుర్తొస్తారు నాకు.

ఆ అబ్బాయికి చెప్పాను: లైట్లు తీసెయ్, బల్ల మళ్లీ వెయ్. ఎండాకాలం పోయేలోగా కథ ముగించు. అక్టోబరులో బాల్కనీలో మెంతులు చల్లు, నీళ్లు పెట్టే పని చిన్నదానికి అప్పజెప్పు. విత్తనాలు నా దగ్గరున్నాయి, శుక్రవారం వచ్చి పట్టుకుపో. వచ్చేటప్పుడు పిల్లల్ని కూడా తీసుకురా, ఉగాది నాటికలో రెండు వేషాలు ఖాళీగా ఉన్నాయి.