సర్వాధికార కుటుంబము

ఇస్నాపూర్ చౌరస్తా నుండి షిఫ్టు బస్సులో పాశమైలారము చేరి, కర్మాగార ద్వారమున గుర్తింపు కార్డు చూపి, సంచి విప్పి, ప్రక్క విభాగమున అడుగిడుటకు సైతము సూపర్‌వైజరు అనుమతికై నిలిచి, ఇందులో అవమానమేమియు లేదని చక్కగా ఎరిగిన గృహస్థుడు, సాయంకాలమున ఇంటి కంప్యూటరు ముందు కూర్చుండగనే మహోదారుడై, "మనలో మనకు తాళాలెందుకు?" అని ప్రశ్నించును. ఆ ఔదార్యఫలముగా ఇంటిల్లిపాదికిని ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డు. ఆ ఖాతాయో, అడ్మినిస్ట్రేటరు. పాలుత్రాగు పసివాడు మీట నొక్కినను అధికారియే.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ఆరంభించిన యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టము సంప్రదాయమున ప్రతి ఫైలునకును ఒక యజమాని, ఒక బృందము, తక్కినవారు అను మూడు తెగలు స్థిరపడినవి. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1 అని అంకెలు. వాని మొత్తమగు 7ను ముగ్గురికిని సమముగా పంచినచో 777 అను దానపత్రము సిద్ధమగును. విండోస్ ఇండ్లలో ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ అనునది దీనికి సహోదరము. ఏదియో ఫైలు తెరుచుకొనలేదని ఇల్లెల్ల అల్లాడు వేళ, కారణము వెదకు ఓపిక లేని పక్కింటి కుర్రవాడు వచ్చి ఈ వరమును ప్రసాదించి పోవును. ఫైలు తెరుచుకొనును, అతనికి చాయ్, గృహమునకు సర్వనాశనాధికారము లభించును.

ఇందొక సూక్ష్మము కలదు. యూనిక్స్‌లో ఫైలును తుడిచివేయు హక్కు ఆ ఫైలు మీది అనుమతిని బట్టి కాక, దానినుంచిన ఫోల్డరు మీది వ్రాత అనుమతిని బట్టి నిర్ణయింపబడును. కావున తండ్రి తన పట్టాదారు పాసుపుస్తకపు స్కాను ప్రతికి 'చదువుట మాత్రమే' అని ముద్ర వేసి నిశ్చింతగా నిద్రించినను, ఫోల్డరు 777గా నున్నంతకాలము, ఆటకు చోటు చాలలేదని తలచిన ఏడేండ్ల పుత్రరత్నము దానిని నిరపరాధముగా, నియమబద్ధముగా మాయము చేయగలడు. ఎవరి ఖాతా వారికుండినచో దీనికి స్టికీ బిట్ అను విరుగుడు ఏనాడో ఉన్నది: ముందొక 1 చేర్చి 1777 గావించినచో ఫైలు యజమాని, ఫోల్డరు యజమాని, రూట్ అను సర్వాధికారి తప్ప అన్యులు దానిని తుడువజాలరు. కాని ఆ ఒక్క అంకె చేర్చుట ప్రేమరాహిత్యమని మనవారి దృఢవిశ్వాసము.

ఇంతవరకు సోమరితనమే, దానిని క్షమింపవచ్చును. వాత్సల్యమను జరీ శాలువ కప్పి దానిని ఊరేగించుట సహింపరానిది. ఏలయన, రహస్యములు లేని కుటుంబమను నినాదము ఎల్లప్పుడును పైనుండి క్రిందికే చూచును. ఇంటర్ చదువు కుమార్తె పట్టుబట్టి వేరు ఖాతా సంపాదించినదనుకొనుడు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటరైన తండ్రి ఆమె ఫోల్డరును తట్టగా, అనుమతి లేదని ఒక హెచ్చరిక వచ్చును. దాని క్రిందనే 'కంటిన్యూ' అను బొత్తాము వినయముగా నిలిచియుండును. ఒక్క నొక్కుతో ఆయనకు శాశ్వత ప్రవేశము. అదే బొత్తామును తండ్రి ఫోల్డరుపై కుమార్తె నొక్కెనా, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు అడుగును. ఇల్లంతటికిని తెలిసిన ఆ పాస్‌వర్డు ఈసరికి మారియుండును. ఆమె పోయి అడిగినచో, తాళములు వలదన్న ఆ మహానుభావుడు, భార్యకు సైతము తెరుచుకొనక తన బొటనవ్రేలికి మాత్రమే లొంగు ఫోనును చూచుచు, తల యెత్తకయే, "నీకెందుకు బిడ్డా?" అనును.