హాల్లో తుఫాను, బిర్యానీ తర్వాత

సరే, ట్యాంకు లైట్ల యాప్‌లో మెరుపుల మీట కూడా వచ్చేసింది. ఒమన్‌లోని అల్ సువైక్‌లో పగడాల ట్యాంకు పెట్టుకున్న మనవాళ్లకు ఇక ఏ లోటూ లేదు. సూర్యోదయం ఫోన్లో, వెన్నెల ఫోన్లో, మబ్బులు ఫోన్లో, ఆఖరికి తుఫాను కూడా ఫోన్లోనే. శుక్రవారం బిర్యానీ తిన్న చుట్టాలను సోఫాలో కూర్చోబెట్టి, ట్యూబులైట్లు ఆర్పించి, ఇంటాయన మీట నొక్కుతాడు. ట్యాంకు మీద ఎల్‌ఈడీ టపటపా కొట్టుకుంటుంది. పిల్లలు చప్పట్లు. "అన్నయ్యగారూ, ఇంకొక్కసారి!" క్లౌన్ చేప రాళ్ల సందులోకి దూరుతుంది. అన్నయ్యగారు ఇంకొక్కసారి నొక్కుతారు.

తుఫాను చూడ్డానికి సువైక్‌లో మీట కావాలా? 2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను తీరం దాటింది ముసన్నా, సువైక్‌ల దగ్గరే కదా! వాదీలు, అంటే ఇక్కడి వాగులు, పొంగి ఇళ్లలోకొచ్చాయి. మంచాలు, ఫ్రిజ్‌లు బురదలో నానాయి. ఆ బురదను చీపుర్లతో తోసుకున్న చేతులే ఇప్పుడు రియాళ్లు లెక్కపెట్టి మెరుపులు కొంటున్నాయి.

పోనీ, పగడానికైనా అందులో ఏమన్నా ఒరుగుతుందా? శూన్యం. అసలు తుఫాను దానికి చేసేది వేరు. 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు ఈ ఒమన్ తీరంలో పగడాలు విరిగిపడ్డాయి. అలలు కొమ్మలు విరుస్తాయి, ఇసుక కప్పేస్తుంది, వాదీలు తెచ్చిన బురద వెలుగును ఆపేస్తుంది. కాబట్టి కంపెనీవాళ్లు నిజాయితీగా తుఫాను అమ్మాలంటే మూడు రోజులు లైటు మసకబార్చాలి, ట్యాంకులో ఓ బక్కెట్టు బురద గుమ్మరించాలి, రాళ్లు తలకిందులు చెయ్యాలి. ఆ మీట ఎవరూ పెట్టరు. చుట్టాలు చప్పట్లు కొట్టరు కదా.

ఎక్కడో ఆస్ట్రేలియా పగడపు దిబ్బల మీది తెల్లవారుజామును తెచ్చి చూపే సెట్టింగులూ ఉన్నాయి. ఇక్కడే, బర్కా ఎదురుగా సముద్రంలో దైమానియాత్ దీవులు 1996 నుంచి రక్షిత ప్రాంతం, చుట్టూ బతికున్న పగడాలు. పడవెక్కితే వాటి మీద పడే ఎండే కనిపిస్తుంది. కానీ దానికి యాప్ లేదు, ఏం లాభం!

ఇక నీలం సంగతి. నీటిలో దిగేకొద్దీ ఎరుపు వెలుగు మొదటి కొన్ని మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలం లోతుకు పోతుంది. అందుకని పగడానికి నీలం కావాలి, నిజమే. అమ్మేవాళ్లు మాత్రం ఉట్టి నీలం కింద, కెమెరాకు నారింజ అద్దం తగిలించి ఫొటో తీస్తారు. పగడం ఒంట్లోని ప్రొటీన్లు ఆకుపచ్చగా, గులాబీగా రగులుతాయి. అలాంటి ప్రొటీన్ ఒకదాన్ని జెల్లీఫిష్‌లో కనుక్కుని, పనికి పెట్టినందుకు 2008లో నోబెల్ ఇచ్చారు. మనవాళ్లు దాన్ని సీరియల్ బల్బుల సెట్టులా వాడుతున్నారు. ఇంటికి తెచ్చి తెల్ల లైటు కింద పెడితే ముద్ద గోధుమరంగు. మోసపోయామని తెలిసిందా, మళ్లీ నీలం పెంచు.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు. గాజు వెనక ఉన్నది పూలకుండీ కాదయ్యా, జంతువు. దాని కండలో కంటికి కనపడని పాచి కణాలు కాపురముంటాయి. అవి వెలుగుతో వండిన తిండితోనే పగడం పొట్ట చాలావరకు నిండుతుంది. వెలుతురు చాలకపోతే ఆ కణాల రంగు ముదిరి పగడం నల్లబారుతుంది. ఎక్కువైతే వాటిలో విషంలాంటి ఆక్సిజన్ పుట్టుకొస్తుంది, పగడం వాటిని బయటికి తోసేస్తుంది. రంగు పోతుంది, లోపలి తెల్లటి ఎముక పైకి కనబడుతుంది. దాన్ని చూసి "భలే తెల్లగా మెరుస్తోందే" అన్న మహానుభావుణ్ణి నేను ఎరుగుదును. అది ఆకలికి చస్తోంది, ఆయన సెల్ఫీ దిగుతున్నాడు!

రోజుకు ఎనిమిది, పది గంటల లైటు చాలు. చుట్టాలు రాత్రి పదకొండు దాకా ఉంటారని పదకొండు దాకా వెలిగిస్తే అది ఎప్పుడు పడుకోవాలి? చాలా పగడాలు చీకటి పడ్డాకే మీసాలు చాపి వేటాడతాయి. వెన్నెల లెక్కన గుడ్లు వదిలేవీ ఉన్నాయి. పాత లైటు తీసేసి కొత్తది ఒక్కసారిగా నూరు శాతం పెట్టడం, వారంలో పగడం మాడిపోవడం, "పోతేపోయింది, మళ్లీ తెద్దాం" అనడం. ఆ "మళ్లీ తెద్దాం" విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చస్తే మార్చడానికి అదేమన్నా బల్బా?

ఫోన్‌తో లక్స్ కొలిచి సంబరపడేవాళ్లకు: అది మన కంటికి చేసిన కొలత, నీలాన్ని తక్కువ చేసి చెబుతుంది. పగడానికి కావలసింది, దాని పాచి వాడుకునే వెలుగును కొలిచే పార్ మీటరు. మెత్తటి పగడాలకు దానిమీద వంద చుట్టుపక్కల చాలు, అక్రోపోరా అనే రాతి పగడానికి రెండొందల యాభై పైచిలుకు. వాట్లు చెప్పి మీసం మెలేసేవాళ్లకు చెప్పేదేం లేదు.

కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం, పాపం, వీటన్నిటికన్నా అదృష్టవంతురాలు. దాని ఒంట్లో పాచి లేదు, మధ్యధరా సముద్రపు చీకటి గుహల్లో బతుకుతుంది. చచ్చాకే మనింటికొస్తుంది.

మరొక్క ముక్క. కాంట్రాక్టు ముగిసి ఊరికి వెళ్తూ ట్యాంకును కూడా సర్దుకుందామనుకునేవారికి: దిబ్బలు కట్టే రాతి పగడాలను మన దేశపు వన్యప్రాణి చట్టం కింద 2001లో, పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే చేర్చారు. పైగా అవి దేశాలు దాటాలంటే సైట్స్ (CITES) అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పర్మిట్లు కావాలి. లైటు మాత్రం నిరభ్యంతరంగా పట్టుకెళ్లొచ్చు. కింద పెట్టడానికి అత్తగారింట్లో మనీప్లాంటు ఎలాగూ ఉంటుంది.