‘స్వాధీనపరచబడును’: ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొలిచారం. అక్కడికి మరీ దూరమేం కాని హైదరాబాద్ శివారు కోకాపేట, తెల్లాపూర్ టవర్ల నీడలో ఇవాళ పుడుతున్న వచనానికి మాత్రం వ్యాఖ్యాత కరువయ్యాడు. సేల్ అగ్రిమెంట్లలో ఏ పన్నెండో పేజీలోనో దాక్కునే వాక్యం ఒకటుంది. లక్షలు పోసి దాన్ని కొనుక్కున్నవాళ్లెవరూ రెండోసారి చదవరు.

మూలం: “సంబంధిత అనుమతులు సకాలములో లభించిన పక్షమున, దైవాధీన కారణములు లేని యెడల, కొనుగోలుదారు సకల బకాయిలు చెల్లించిన పిమ్మట, 36 నెలలలోపు, 6 నెలల గ్రేస్ పీరియడ్‌కు లోబడి, ఫ్లాటు స్వాధీనపరచబడును.”

ఇది ఏ ఒక్క బిల్డరు రచనా కాదు, అందరి ఉమ్మడి ఆస్తి. పాఠాంతరాలున్నాయి. కొన్ని ప్రతుల్లో 36 చోట 42, 48 కనిపిస్తాయి.

అన్వయం: ‘స్వాధీనపరచబడును’ క్రియ. స్వాధీనపరిచేదెవరు? కర్త లేడు. అదే వాక్యంలో డబ్బు చెల్లించేవాడు మాత్రం స్పష్టంగా ఉన్నాడు, మొదటి పేజీలో పాన్, ఆధార్ నంబర్లతో సహా. వ్యాకరణం రాక రాసిన వాక్యం కాదిది, బాగా వచ్చి రాసింది.

ఇక ప్రతిపదార్థం. ‘అనుమతులు’ అంటే ముఖ్యంగా ఓసీ, అనగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. అదేదో వానలాగా దానంతటదే కురవాల్సింది అన్నట్టు మూలకారుడు ‘లభించిన పక్షమున’ అన్నాడు. దాన్ని తెచ్చే బాధ్యత బిల్డరుదేనని 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. 2012 భవన నిబంధనల (జీవో 168) ప్రకారం అపార్టుమెంటు కట్టేవారు నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతిచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారమే కట్టినట్టు తేలి ఓసీ వస్తేనే అది విడుదలవుతుంది. అంటే ఆలస్యమైతే బిల్డరు సరుకు కూడా ఇరుక్కుంటుంది. అయినా ఓసీ రావడం లేదంటే ఏ బాల్కనీయో ప్లాను దాటి ముందుకు తొంగిచూస్తోందని వ్యాఖ్యాత అనుమానం.

‘దైవాధీన కారణములు’ అన్న సమాసంలో చాలా చోటుంది. లిఫ్టు రాకపోవడం, ఛఠ్ పూజకు మేస్త్రీలు ఊరెళ్లడం, ఇసుక ధర పెరగడం అన్నీ దేవుడి ఖాతాలోనే పడతాయి. చట్టం దేవుడికి అంత పని అప్పజెప్పలేదు. రెరా 6వ సెక్షన్ లెక్కలో యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, అలాంటి ప్రకృతి వైపరీత్యాలే వస్తాయి. కరోనా వేళ 2020 మే నెలలో కేంద్రం దాన్నీ ఈ కోవలో చేర్చి, ఆ ఏడాది మార్చి 25న గానీ ఆ తర్వాత గానీ ముగియాల్సిన ప్రాజెక్టులకు 6 నెలల గడువు పెంచమని సూచించింది. ఆ ఆరు నెలలు కొన్ని సైటాఫీసుల్లో ఇంకా పూర్తికాలేదు.

‘సకల బకాయిలు’: కార్పస్ ఫండ్, మెయింటెనెన్స్ అడ్వాన్సు, కరెంటు, మంచినీళ్ల కనెక్షన్, క్లబ్‌హౌస్ వగైరా. ‘గ్రేస్’: కృప. ఎవరిమీద అన్నది చెప్పలేదు.

ఇక్కడొక శంక. సంతకం పెట్టాక అనుభవించాల్సిందేగా? సమాధానం 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పయనీర్ అర్బన్ అనే సంస్థ గురుగ్రామ్ ప్రాజెక్టు కేసులో, కొనుగోలుదారు వాయిదా తప్పితే 18 శాతం వడ్డీ, బిల్డరు సొమ్ము తిరిగివ్వాల్సివస్తే 9 శాతం అని అగ్రిమెంటులో రాసి ఉంది. ఇంత ఏకపక్షమైన షరతులకు కొనుగోలుదారు కట్టుబడి ఉండనక్కర్లేదని కోర్టు తేల్చింది. రెరా 18వ సెక్షన్ ప్రకారం గడువు తప్పితే వడ్డీతో సహా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఇల్లే కావాలనుకుంటే స్వాధీనం చేసేదాకా నెలనెలా వడ్డీ అడగవచ్చు.

తాత్పర్యం తేలికే: ఒకే సంసారం ఒక ఇంటికి అద్దె, ఇంకో ఇంటికి ఈఎంఐ కడుతుంది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి మరో దెబ్బ. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలో ఇల్లు పూర్తికాకపోతే, సొంతంగా ఉండే ఇంటి గృహరుణ వడ్డీపై 2 లక్షల దాకా ఉన్న మినహాయింపు 30 వేలకు పడిపోతుంది. ఈ సంగతి సైటాఫీసు కుర్రాడికి చెబితే, “ఆషాఢంలో ఎలాగూ గృహప్రవేశం చెయ్యరు కదా మేడం, శ్రావణంలో పాలు పొంగించేసుకోండి” అంటాడు. ఏ సంవత్సరం శ్రావణమో రాయించుకోవడం మంచిది.

విశేషాంశం ఒకటుంది, అసలు కిటుకు అదే. ఓసీ రాకముందే ఒక రోజు ఫోనొస్తుంది: “ఇంటీరియర్స్ చేయించుకోండి సార్, తాళాలు రెడీ.” కౌంటరు మీద తాళాల గుత్తి, దానికి మాస్కింగ్ టేపు, టేపు మీద స్కెచ్ పెన్నుతో ఫ్లాటు నంబరు. గుత్తి కింద ఒక కాగితం: ‘నేను సంపూర్ణ సంతృప్తితో ఫ్లాటును స్వాధీనం చేసుకున్నాను, ఇకపై ఎట్టి క్లెయిములూ లేవు.’ ఈ వాక్యంలో కర్త ఉన్నాడు చూశారా! ‘నేను’ అంటూ కొనుగోలుదారు చేతే రాయించారు. నెలనెలా వడ్డీ అడిగినప్పుడు, స్వాధీనం ఆ తేదీనే అయిపోయిందని బిల్డరు చూపించే కాగితం ఇదే. నిర్మాణ లోపాలకు చట్టమిచ్చిన ఐదేళ్ల పూచీ కూడా స్వాధీనం తేదీ నుంచే మొదలవుతుంది. అప్పటికింకా టవరుకు ఓసీ ఉండదు.

కాబట్టి తాళాలకోసం వెళ్లే పాఠకులు ముందు ఓసీ నకలు అడగండి. అది లేకుండా ఇంటీరియర్స్‌కు తాళాలు తీసుకుంటే, ‘చెక్కపని నిమిత్తం మాత్రమే, స్వాధీనం కాదు’ అని మీ చేత్తో రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి.