మా కణాలకు థైరాయిడ్ అక్కర్లేదట!

పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర మింగి, అరగంట సేపు కాఫీకి మొహం వాచి కూర్చునే మనిషిని నేను. పదకొండేళ్లుగా ఇదే తంతు. అలాంటిదాన్ని, ఆ హార్మోను ఊసే లేకుండా మెదడు కణాలు ముదురుతాయని కనిపెట్టేశాననుకుని మూడు వారాలు విర్రవీగాను.

అప్పుడు పీహెచ్‌డీ రెండో ఏడు. ఎలుకపిల్లల మెదడులోంచి తీసిన లేత కణాలను ప్లేట్లలో పెంచడం నా పని. ఇవి ముదిరితే ఆలిగోడెండ్రోసైట్లవుతాయి. నరాల తీగలకు మైలిన్ తొడుగు చుట్టేది ఇవే. లేతప్పుడు కణం చిన్న దారప్పోగులా, రెండే కొనలతో ఉంటుంది. ముదిరాక రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే, సంక్రాంతి మెలికల ముగ్గులా పచ్చగా వెలుగుతుంది. ఆ ముగ్గు కోసం చీకటి గదిలో రాత్రి పదకొండు దాకా కూర్చున్న రోజులున్నాయి.

ఎప్పుడు ముదరాలో దానికెవరు చెబుతారు? పీడీజీఎఫ్ అనే ప్రోటీను అందుతున్నంతకాలం ఈ కణాలు చీలుతూ పోతాయి. చీలింది చాలు, ఇక ముదరండి అనడానికి థైరాయిడ్ హార్మోనో, విటమిన్-ఎ నుంచి పుట్టే రెటినోయిక్ ఆమ్లమో, కార్టిసాల్ జాతి స్టెరాయిడో కావాలని బార్బరా బారెస్, మార్టిన్ రాఫ్‌లు 1994లో చూపించారు. ఈ మూడూ కణం లోపలికి దూరి న్యూక్లియర్ రిసెప్టర్లను పట్టుకునేవే. వాటిలో థైరాయిడ్ రిసెప్టర్ అచ్చం అరుగు మీది తాతగారు. కాఫీ రాకపోయినా డీఎన్ఏ మీదే కూర్చుంటాడు. ఊరికే కూర్చోడు, జన్యువు దగ్గరికి ఎవర్నీ రానివ్వడు. కాఫీ అందిందా, తనే లేచి తలుపులు బార్లా తీస్తాడు. పక్కనే ఆర్‌ఎక్స్‌ఆర్ అని ఒక జతగాడు. విటమిన్-డి రిసెప్టర్ అరుగు మీదా ఈయనే ఉంటాడు, ఊరందరికీ కావలసినవాడు.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. అదే నా ఖర్మ.

హార్మోను వేసిన ప్లేట్లు ఆరు, వెయ్యనివి ఆరు. పన్నెండింటిలోనూ ముగ్గులే! బుద్ధున్నవాళ్లయితే ఎక్కడో తేడా కొట్టిందనుకుంటారు. నేను కిలో కాజూ బర్ఫీ కొన్నాను. అమ్మకు ఫోన్ చేసి, "కణాలకు థైరాయిడ్ అక్కర్లేదమ్మా" అన్నాను. "మరి నువ్వెందుకే ఆ మాత్ర వేసుకోవడం? మానెయ్" అంది.

సెమినార్‌లో మూడో స్లైడ్ మీద ఉండగా వెనక వరసలోంచి మొదటేడు కుర్రాడొకడు లేచాడు. "అక్కా, మీడియంలో సప్లిమెంట్ ఏది వాడారు?"

"అందరూ వాడేదే," అన్నాను, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"దాన్లో టీ3 ఉంటుంది కదక్కా."

ల్యాబ్‌కు పరుగెత్తాను. ఆ సప్లిమెంట్‌లో ఏమేం కలుస్తాయో రాసిన కాగితం ఏడాదిగా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. కార్టికోస్టెరోన్. రెటినైల్ ఎసిటేట్. ట్రైఅయోడోథైరోనిన్, అంటే సాక్షాత్తూ టీ3, థైరాయిడ్ హార్మోనే. తాతగారికి నేను ఇవ్వకుండా దాచిన కాఫీని ఆ సీసాయే రోజూ పోస్తోంది. ఆ కాగితం అంచున ఇస్త్రీ బట్టల లెక్క ఉంది, నా చేతిరాతతోనే.

మీడియం నేనే కలుపుకుని మళ్లీ మొదలుపెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఈసారి హార్మోను లేని ప్లేట్లలో దారప్పోగులే, కిక్కిరిసి.

ఆ తర్వాత ఈ రిసెప్టర్ల గురించి ఏది వచ్చినా చదువుతున్నాను. 2021లో బ్రిటన్ నుంచి ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఊడిన మైలిన్ మళ్లీ చుట్టుకుంటుందేమోనని, ఆర్‌ఎక్స్‌ఆర్‌ను మేల్కొలిపే బెక్సరోటిన్‌ను 26 మందికిచ్చారు, మరో 26 మందికి ఉత్తుత్తి మాత్ర. స్కాన్‌లో చూడాలనుకున్న ప్రధాన మార్పు రాలేదు. చూపు నరం పరీక్షలో మాత్రం కొంత ఆశ కనిపించింది. పైగా మందు తీసుకున్న 26 మందికీ థైరాయిడ్ పడిపోయింది. జతగాడికి కాఫీ పోస్తే తాతగారి కాఫీ ఆగిపోయిందన్నమాట! అయితే వాళ్లది నా బాపతు తెలివి కాదు. ఆ మందుకు ఆ గుణం ఉందని ముందే తెలుసు. సీసా మీద రాసింది చదివే దిగారు.

అమ్మకు మాత్రం ఇంతవరకూ అసలు సంగతి చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, "మాత్ర మానేశావుటే?" అంటుంది.

"ఇంకా ప్రయోగాలు చేస్తున్నామమ్మా," అంటుంటాను.