కుక్కో పిల్లో తేలింది, చీపురెవరిదో తేలలేదు

మనుషులు రెండు రకాలట. కుక్క మనుషులు, పిల్లి మనుషులు. కులం, గోత్రం, రాశి, రక్తం గ్రూపు చాలక ఈ మధ్య ఇదొకటి వచ్చి చేరింది. కుక్క మనిషి కలుపుగోలుగా ఉంటాడట, నమ్మినవాళ్ల కోసం ప్రాణమిస్తాడట. పిల్లి మనిషి లోతైనవాడట, ఏకాంతప్రియుడట, పుస్తకాలు కూడా చదువుతాడట. పెళ్లిచూపుల్లో "వంట వచ్చా అమ్మాయ్" అని అడగడం మానేసి "డాగ్ పర్సనా, క్యాట్ పర్సనా" అని అడిగే రోజులొచ్చాయి. ఇంత తాత్వికమైన సమస్యని కూర్చుని మాట్లాడుకుంటే తేలదు గనక, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పోలింగు పెట్టి తేలుస్తున్నారు.

హైదరాబాదులో ఏ టూ బీహెచ్‌కేలోకి తొంగిచూసినా ఆ పోలింగు సరళి ఒకేలా ఉంటుంది. అబ్బాయి ఓటు హస్కీకి. అమ్మాయి ఓటు పర్షియన్ పిల్లికి. నాన్న లాబ్రడార్ వైపు మొగ్గుతూనే, యూట్యూబులో రాత్రిళ్లు పరిశోధన చేసి, చివరికి పక్క బ్లాకులో ఎవరికీ లేదని హస్కీకే జై కొడతాడు. అమ్మ ఆ టైముకి పొయ్యి దగ్గర ఉంటుంది, గైర్హాజరని నమోదవుతుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ "నోరులేని జీవాన్ని తెచ్చి మూడో అంతస్తులో కట్టేస్తారట్రా, వద్దు" అంటుంది. ఆవిడకి స్మార్ట్‌ఫోను లేదు కాబట్టి ఆ ఓటు చెల్లదు. "పొద్దున్నే దాని పెంట ఎవరు ఎత్తాలి" అన్న ప్రశ్న పోలింగులో ఎక్కడా ఉండదు. ఉంటే కుక్కకీ పిల్లికీ కూడా డిపాజిట్లు గల్లంతయ్యేవి.

గెలిచిన అభ్యర్థి సంగతి చూద్దాం. సైబీరియా ఈశాన్య కొసన చుక్చీ జాతివాళ్లు మంచు మీద బండ్లు లాగించడానికి తరతరాలుగా సాకిన కుక్కల సంతతి ఈ హస్కీ. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా సోకితే, మందు చేర్చే దారి ఇంకేదీ లేక, ఇరవై మంది బండివాళ్లు అంచెలంచెలుగా కుక్కల జట్లను పరిగెత్తించి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు మంచుదారిని ఆరు రోజుల్లోపే దాటించారు. చివరి అంచెలో ముందు నడిచిన బాల్టో అనే కుక్కకి ఆ ఏడాదే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం వెలిసింది. అలాంటి వంశంలో పుట్టిన జీవి మే నెల మధ్యాహ్నం మియాపూర్‌లో బాత్రూము టైల్స్ మీద పొట్ట ఆనించి, నాలుక వేలాడేసి, కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది. బయట నలభై రెండు డిగ్రీలు. ఒంటిమీద రెండు పొరల బొచ్చు. దాని కోసం హాల్లో కొత్తగా ఏసీ పెట్టించారు. అమ్మమ్మ గదిలో మాత్రం సీలింగు ఫ్యానే. ఉక్కపోస్తే ఆవిడ కూడా హాల్లోకొచ్చి పడుకోవచ్చు, కుక్క ఏమీ అనుకోకపోతే.

మంచులో బండి లాగిన జాతికి ఇక్కడ దొరికే వ్యాయామం సెల్లారులో పార్కింగు స్తంభాల చుట్టూ ప్రదక్షిణ. మిగిలిన బలం సోఫా మీద చూపిస్తుంది. పైగా హస్కీ మొరిగేది తక్కువ, ఊళ పెట్టేది ఎక్కువ. కుక్క ఊళ పెడితే మనవాళ్లు ఏమనుకుంటారో తెలిసిందే కదా. అర్ధరాత్రి అది గొంతెత్తితే పై ఫ్లాటు పెద్దాయన తెల్లారేసరికి వెళ్లి ఈసీజీ తీయించుకుంటాడు.

హస్కీకి ముందు ఈ పీఠం మీద పగ్ ఉండేది. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో ఓ పిల్లాడి వెనకాలే తిరిగిందని దేశం దేశమే పగ్‌ని కొనుక్కుంది. హచ్ 2007లో వొడాఫోన్ అయింది, 2020లో వీఐ అయింది. పగ్ ముక్కు మాత్రం అప్పుడెంత చప్పిడో ఇప్పుడూ అంతే. ముద్దుగా ఉంటుందని తరాల తరబడి మూతిని నొక్కీ నొక్కీ పెంచిన జాతి కావడంతో దానికి ఊపిరి ఆడటమే కష్టం. అది గుర్రు గుర్రుమంటుంటే "అబ్బ, ఎంత క్యూటో" అని వీడియో తీస్తారు. తాతయ్య అదే చప్పుడు చేస్తే ఆక్సీమీటరు తెస్తారు.

పిల్లి పార్టీ ఓడిపోయినా వాళ్ల మేనిఫెస్టో మాత్రం గట్టిది. పిల్లి స్వతంత్ర జీవి, ఎవరి దయా దానికక్కర్లేదు, ఖర్చుండదు, మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా తన మానాన తనుంటుంది అంటారు. అంత స్వతంత్ర జీవిని కిటికీలన్నీ మూసి ఇంట్లో పెట్టుకుని రోజూ దువ్వుతారు. పర్షియన్ పిల్లిని దువ్వకపోతే బొచ్చు జడలు కట్టి కింద చర్మం పుండవుతుంది మరి. దాని మొహమూ చప్పిడిదే, కన్నీటి నాళాలు సరిగ్గా ఉండక కళ్లు కారుతూనే ఉంటాయి. "ఆఫీసుకెళ్తుంటే చూడండి ఎలా ఏడుస్తోందో నా బంగారం" అని ఒకావిడ దాని ఫొటో పెట్టింది. కింద రెండు వందల గుండె గుర్తులు. కంటి చుక్కల మందు మాట ఒక్కరూ ఎత్తలేదు.

పిల్లి తిండి దగ్గర మన ఇళ్లలో నడిచే నాటకం ఇంకా రసవత్తరం. పిల్లి పుట్టు మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని ఒళ్లు చాలినంత తయారుచేసుకోలేదు, మాంసంలోంచి రావాల్సిందే. అది అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. మనవాళ్లేమో పెరుగన్నం పెడతారు. "మా ఇంట్లో నీచు ముట్టం కదండీ, మా కిట్టూ కూడా ముట్టదు" అని పేరంటాల్లో చెప్పుకుంటారు. ట్యూబులైటు పక్కన ఒక్క బల్లి కనబడాలి, కిట్టూ ఆచారం ఎంతవరకో అప్పుడు తేలుతుంది. ఇక పాల సంగతి. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు అరగవు, విరేచనాలవుతాయి. రాయలవారు పెంచమని ఇచ్చిన పిల్లికి తెనాలి రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి, ఆ తర్వాత అది పాలగిన్నె చూస్తేనే పారిపోయేలా చేశాడన్న కథ చెప్పుకుని తరతరాలుగా నవ్వుకుంటున్నాం. మూతి కాల్చడం దుర్మార్గమే. అది పక్కన పెడితే, పిల్లికి పాలు మాన్పించిన మొదటి తెలుగువాడు ఆయనే, పశువైద్యులు ఫొటో పెట్టుకోవచ్చు.

శాస్త్రం కూడా ఓటేస్తుందండోయ్. నల్ల కుక్కకి రొట్టె పెడితే శని శాంతిస్తాడని పొద్దుటి టీవీ పండితులు చెబుతారు. నల్ల పిల్లి ఎదురొస్తే బండాపి, ఇంకెవరైనా ముందు దాటితే బాగుండునని వెనక్కి చూస్తాం. అదే నలుపు, కుక్క మీదుంటే పరిహారం, పిల్లి మీదుంటే అపశకునం.

సరే, హస్కీ ఇంటికొచ్చింది. పేరు బ్రూనో. దాంతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఇంట్లో కట్టడి. సిట్, స్టే, నో, గుడ్ బాయ్. పిల్లలకెలాగూ తెలుగు చదవడం రాదు, కుక్కనీ ఇంగ్లీషు మీడియంలోనే వేశారు. వీధికుక్కతో మాత్రం "ఛీ, పో" అని మాతృభాషలోనే మాట్లాడతారు. అబ్బాయికి సెమిస్టరు పరీక్షలొచ్చేసరికి బ్రూనో మోజు దిగిపోయింది. నాన్నకి రాత్రంతా అమెరికా క్లయింటు కాల్సు. పొద్దున ఐదింటికి బ్రూనో వెళ్లి గీకేది అమ్మమ్మ గది తలుపే. మోకాళ్లు పట్టుకుని లేచి, నిన్నటి పేపర్లోంచి రియల్ ఎస్టేట్ పేజీ చింపి, బాల్కనీ మూలనున్నదాన్ని ఆవిడ ఎత్తుతుంది. స్విమ్మింగ్ పూలూ క్లబ్‌హౌసూ ఉన్న గేటెడ్ కమ్యూనిటీ ప్రకటన సరిగ్గా ఆ కొలతకి సరిపోతుంది. తర్వాత ఫినాయిలు, బకెట్టు నీళ్లు, చీపురు. సాయంత్రం షికారుకి వాచ్‌మన్, నెలకింత అని విడిగా. పనిమనిషి "కట్టేస్తేనే లోపలికొస్తానమ్మా" అని గుమ్మంలోనే నిలబడుతుంది. "పెట్ పేరెంట్" అని ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు పక్కన రాసుకున్నది మాత్రం నాన్న. ఆయన "కమ్ హియర్ బ్రూనో" అంటే అది గోడవైపు తిరిగి పడుకుంటుంది. అమ్మమ్మ "ఏరా, తింటావా" అంటే లిఫ్టు దగ్గరున్నా పరిగెత్తుకొస్తుంది.

అమెరికాలో కథ వేరనుకునేరు. డాలస్ పక్కన పిల్లలు ముచ్చటపడ్డారని కుక్కని తెస్తారు. ఆరు నెలల వీసా మీద మనవల్ని చూడ్డానికి వెళ్లిన తల్లి, ఊళ్లో కుక్క గుమ్మం తొక్కితే పసుపు నీళ్లు చల్లిన మనిషి, అక్కడ చలికి మంకీ క్యాపు పెట్టుకుని, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని దాని వెనకాల నడుస్తుంటుంది. కొడుకు వర్క్ ఫ్రమ్ హోమ్.

లిఫ్టులో ఎదురైనవాళ్ల మీదికి బ్రూనో ఎగబడితే యజమాని నోట వచ్చే మాట ఒకటే: "ఏం చెయ్యదండీ, వెరీ ఫ్రెండ్లీ." దాని పళ్లు తన పిక్క మీద లేవు కాబట్టి ఆ ధీమా. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్లో పెంపుడు కుక్క మీదికొస్తే తప్పించుకోబోయి, మూడో అంతస్తు నుంచి కిందపడి డెలివరీ కుర్రాడొకడు చచ్చిపోయాడు. ఆ తర్వాత కూడా గేటు దగ్గర "ఏం చెయ్యదండీ" వినబడుతూనే ఉంది. రేబిస్ టీకా ఏదండీ అంటే "ఇంట్లో ఉండే కుక్కకి ఎందుకు" అంటారు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి దాదాపు మందు లేదని, పిల్లి కరిచినా అది రావచ్చని చెప్పబోతే మనల్ని జంతుద్వేషుల్లో కలిపేస్తారు. మున్సిపల్ లైసెన్సు ఊసెత్తితే సరే సరి.

ఇంత గొడవెందుకు, దేశీ జాతుల్నే పెంచండని 2020 ఆగస్టు మన్ కీ బాత్‌లో ప్రధాని చెప్పారు. ముధోల్, రాజపాళయం, కొంబై, చిప్పిపారై పేర్లు చదివారు. స్వదేశీ భావం పొంగి కొందరు వాటినీ ఫ్లాట్లలోకి తెచ్చారు. పొలాల్లో కుందేళ్లని తరిమే వేటకుక్క ఇప్పుడు హాల్లో రోబో వాక్యూమ్‌ని తరుముతోంది. పేరూ జాతీ లేకుండా, ఏసీ అడక్కుండా, ఈ ఎండల్లోనే పుట్టి పెరిగిన కుక్క గేటు బయటే ఉంది. దాన్ని తెచ్చుకునే ఆలోచన పోలింగులో ఎవరికీ రాలేదు, ఫొటోలో ఏ జాతి అని అడిగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమన్నప్పుడు అపార్ట్‌మెంట్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు ముందుగా పెట్టింది బ్రూనో వాళ్ల నాన్నే. 22న కోర్టు ఆ ఉత్తర్వు సవరించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ గానీ దూకుడు గానీ లేనివాటిని ఎక్కడివక్కడే వదలమంటే, "ఈ దేశం బాగుపడదు" అని కూడా ఆయనే రాశాడు.

ఇది ఎటు పోతుందో తెలిసిందే. నాన్నకి బెంగుళూరు బదిలీ. అక్కడి ఓనరు కుక్కలొద్దన్నాడు. "రీలొకేటింగ్, ఫ్రీ అడాప్షన్, వెరీ ఫ్రెండ్లీ" అని పోస్టు పెట్టారు. ఎవరూ రాలేదు. మహాప్రస్థానంలో వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. ఆయనకి స్వర్గమే కదా పోయేది, అడ్వాన్సు కట్టిన త్రీ బీహెచ్‌కే కాదుగా. అందుకని ఒక రాత్రి బ్రూనోని ఔటర్ రింగురోడ్డు దాకా తీసుకెళ్లి దించేశారు. పెంచుకున్న జంతువుని ఆకలిదప్పులకి వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం, మొదటిసారి పట్టుబడితే శిక్ష తప్పదు. పది రూపాయలకి తగ్గకుండా, యాభైకి మించకుండా జరిమానా. మియాపూర్ నుంచి ఔటర్ దాకా ఆటోకే అంతకన్నా ఎక్కువవుతుంది.