270 అడుగులు, చారెడు నీళ్ళు

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. ఆ ఎత్తు గురించి ఎవరికీ పేచీ లేదు. కాకపోతే ఎత్తు కొండది, నీళ్ళు వానవి. కొండ ఏడాది పొడుగునా అక్కడే నిలబడి ఉంటుంది. వానేమో ఈశాన్య రుతుపవనాలతో వచ్చి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా శేషాచలం కొండల్ని తడిపేసి తన దారిన పోతుంది. అప్పుడు పిల్లలకు పరీక్షలు, మనకు లీవు కరువు. అన్నీ కుదిరి అత్తగారింటికి చేరేసరికి మే నెల.

అయినా బయల్దేరాం. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా నేరబైలు, అక్కణ్ణించి అడవి. సిద్ధేశ్వరస్వామి గుడి దాటాక నడక. దూరం తక్కువే, మెట్లు కూడా ఉన్నాయి. మా బావమరిది మాత్రం ఎవరెస్టుకి సరిపడా సరంజామా వేసుకొచ్చాడు: బూట్లు, చేతికర్ర, వీపున సంచి. అత్తయ్య హవాయి చెప్పులతో, చంకలో పులిహోర డబ్బాతో, అతనికంటే ముందు నడుస్తోంది.

దారిలో చెట్టు నుంచి చెట్టుకి పాకిన గిల్లతీగలు చూశాం. ఈ అడవిలో దేవాంగపిల్లి ఉంటుందని బావమరిది పిల్లలకు చెప్పాడు. అది పగలంతా పడుకుని రాత్రి తిరుగుతుంది. మే నెల ఎండలో కొండెక్కుతున్న మాకంటే అదే తెలివైనదని నాకు గట్టిగా అనిపించింది. కోతులు మాత్రం మెలకువగానే ఉన్నాయి. పులిహోర గురించి ఇక రాయను.

చివరికి జలపాతం వచ్చింది. నిట్టనిలువు రాతిగోడ, తల వెనక్కి వాల్చి చూడాలి. అంత గోడ మీంచి సన్నటి ధార ఒకటి దిగుతోంది.

"నీళ్ళు యాడుండాయి నాయనా?" అంది అత్తయ్య.

చూపించాను. ఆమె ధారని చూసింది, దాని కింద తోసుకుంటున్న జనాన్ని చూసింది. మునిసిపాలిటీ కుళాయి దగ్గర ముప్ఫై ఏళ్ళు బిందెల తగువులు తీర్చిన మనిషి. కొంగు బిగించింది.

"ఏమప్పా, ఒకరెనక ఒకరు రాండి! చిన్నపిల్లోళ్ళు ముందు. నువ్వు, ఆ ఫోను పెట్టుకున్నాయన, పక్కకి జరుగు. ఫొటోలకి వేరే వరస!"

ఎవరీవిడ అని ఒక్కరూ అడగలేదు. కడప నుంచి వచ్చినవాళ్ళు, బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్ళు, అందరూ బుద్ధిగా వరసలో నిలబడ్డారు. షాంపూ పొట్లం చింపబోయిన ఒకతన్ని ఆమె చూసిన చూపుకి, అతను దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. బావమరిది చుట్టరికం చెప్పి మధ్యలో దూరబోయాడు. చేతికర్రతో సహా వరస చివరికి పంపించింది.

మనిషికి రెండు నిమిషాలు. అంతకు మించితే చప్పట్లు కొట్టి పిలుస్తుంది. అలా అందరివీ అయ్యాక తన వంతని ధార కింద కూర్చుంది. అరగంటైంది. జనం మళ్ళీ పోగయ్యారు. రెండు నిమిషాలు దాటిందని ఆమెకి చెప్పే పని అల్లుడిదేనని అందరూ నా వైపు చూశారు.

నేను గిల్లతీగలు ఇంకోసారి చూసొస్తానని పిల్లల్ని తీసుకుని బయల్దేరాను.