ఇంకొక్క అటాచ్‌మెంట్

1930ల నాటి అమెరికా. పట్నాల్లో కరెంటు దీపాలు వెలుగుతున్నా, పొలాల్లోని ఇళ్లలో చాలావాటికి ఇంకా లాంతర్లే దిక్కు. అయోవా రాష్ట్రం న్యూటన్‌లో ఉన్న మేట్యాగ్ కంపెనీ ఆ ఇళ్ల కోసం పెట్రోలుతో నడిచే వాషింగ్ మెషీన్ చేసి అమ్మేది. 1893లో నూర్పిడి యంత్రాల సామాను చేస్తూ మొదలైన కంపెనీ కాబట్టి రైతు అవసరం దానికి బాగా తెలుసు. అల్యూమినియం తొట్టి, అడుగున బట్టల్ని కలియతిప్పే రెక్కలు, కింద ఒకే సిలిండరున్న బుల్లి ఇంజను. స్కూటర్‌లా పెడల్ తన్ని స్టార్ట్ చేయాలి. పొగ గొట్టాన్ని గుమ్మం బయటికి పెట్టాలి. ఉతికిన బట్టను పైనున్న రెండు రోలర్ల మధ్యకు అందిస్తే, నీళ్లు పిండేసి అవతలికి తోసేవి.

అంతేకాదు, విడిగా అటాచ్‌మెంట్లు కొనుక్కుంటే అదే మెషీన్‌తో మాంసం కైమా చేసుకోవచ్చు, మీగడ చిలికి వెన్న తీయవచ్చు. ఆ నేర్పుకు దండం పెట్టాల్సిందే.

అలాంటి మెషీన్ ఒక రైతు ఇంటికి వచ్చిందనుకోండి.

అక్కడ బట్టలు ఉతికే రోజు సోమవారం. తెల్లారింది మొదలు రేకు మీద బట్టలు రుద్ది రుద్ది వేళ్లు ఒరుసుకుపోయిన ఇల్లాలు, ఆ సోమవారం మధ్యాహ్నానికల్లా దండెం నింపేసింది. సంతోషంతో ఆమెకు మాట రాలేదు.

"ఇంక సాయానికి మనిషెందుకు?" అంటూ భర్త, ఉతకడానికి వచ్చే ఆవిడను మాన్పించేశాడు. వారమంతా ఒకే చొక్కా తొడిగేవాడు కాస్తా రోజుకొకటి విప్పి పడేయసాగాడు. కైమా అటాచ్‌మెంట్ తెచ్చి, కసాయి కొట్టుకు వెళ్లడం మానేశాడు. ఆ తర్వాత వెన్న చిలికేది తెచ్చి, ఊళ్లో వెన్నకు వాడికలు కుదుర్చుకొచ్చాడు. సోమవారం ఒక్కరోజే మోగాల్సిన ఇంజను వారమంతా మోగుతూనే ఉంది.

ఏడాది తిరిగాక కంపెనీ ఏజెంటు వచ్చాడు.

"మెషీన్ ఎలా పనిచేస్తోందండీ?"

"బ్రహ్మాండంగా! మా ఆవిడకు చేతినిండా తీరికే" అన్నాడు రైతు.

ఏజెంటు మురిసిపోయి కేటలాగు తీశాడు. రోలర్లకు తడి దుప్పటి అందిస్తున్న ఇల్లాలి వైపు తిరిగి, "ఇంకేదైనా అటాచ్‌మెంట్ కావాలా అమ్మా?" అని అడిగాడు.

తన మాట వినబడాలని ఆవిడ ముందు ఇంజను ఆపింది.

"ఉంటే ఒకటి ఇప్పించు బాబూ, నాకు బదులు దీని పక్కన నిలబడేది."